తెల్ల కేబుల్

మందులు దాచే చల్లగదికి తాళం ప్రోగ్రాం మార్చడం పెద్ద పనేం కాదు. తలుపు లోపలివైపు అగ్గిపెట్టెంత బోర్డు ఉంటుంది. తాళం దాని మాటే వింటుంది. బోర్డుని యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపి కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తే సరి. భోజనానికి ముందే ముగిద్దామని నేనే లోపలికి వెళ్లాను. అక్క మొగుడు, ఈ పనిలో నా భాగస్వామి, బయట ఉన్నాడు. గది వేడెక్కకూడదని తలుపు వేశాం.

బోర్డు మీది బటన్ నొక్కి పాత ప్రోగ్రాం చెరిపేశాను. ఆ తర్వాత కేబుల్ పెట్టాను. ఎర్ర దీపం వెలిగింది. లాప్‌టాప్ మాత్రం అక్కడేమీ లేనట్టే ఊరుకుంది. తీసి మళ్లీ పెట్టాను. నోటితో ఊదాను కూడా. మా వృత్తిలో ఊదడమే ఆఖరి మంత్రం.

"ఏ కేబుల్ తీసుకెళ్లావ్?" తలుపు అవతలి నుంచి బావ అడిగాడు.

"తెల్లది."

సంచి జిప్పు లాగిన చప్పుడైంది. అది ఫోన్ ఛార్జింగ్‌దని, అందులో కరెంటు తీగలే తప్ప డేటా తీగలు ఉండవని నెమ్మదిగా చెప్పాడు. అసలైంది అతని సంచిలోనే ఉంది. ప్రోగ్రాం లేకపోతే తాళం తెరుచుకోదు. లోపలి పిడి ఎప్పుడో ఊడిపోయింది. ఇంత తెలివైన పని మా ఇద్దరికే చేతనవుతుంది.

తలుపు కోసే మనిషిని పిలిచానని, అంతదాకా ఆగకుండా నడవమని బావ అన్నాడు. నడిచాను. మందుల అరలు, వాటి వెనక గోడ, మళ్లీ అరలు. తడి ఇనుము వాసన. పైన ఫ్యాను గొణుగుడు. వేళ్లు కొయ్యబారిపోయాయి. ఇక్కడే పోతానేమోనని ఏడుపొచ్చింది.

అప్పుడు లాప్‌టాప్ టింగుమంది.

ఏదైనా కలిసినప్పుడు వచ్చే చప్పుడు. తెర మీద కొత్త పోర్టు, అంటే బోర్డుతో మాట్లాడే దారి, కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. కానీ... ఈ కేబుల్‌లో డేటా తీగలే లేవు. అనుమానంతో ఊడబీకాను. బోర్డు దీపం ఆరింది.

పోర్టు పోలేదు.

తలుపు సందుకి నోరానించాను. "బావా... ఏదో కలిసింది."

"ఎక్కించెయ్ అమ్మడూ. ఆలోచించకు."

చలికి బుర్ర పనిచేయలేదు. కేబుల్ మళ్లీ గుచ్చి, మీట నొక్కాను. పూర్తయిందని తెర చెప్పింది. టక్... తాళం తెరుచుకుంది.

తలుపు తోశాను. కదల్లేదు. భుజంతో తోశాను.

"చప్పుడు వినపడింది. తలుపు రావట్లేదేం?" అన్నాడు బావ.

నేను వెనక్కి తిరిగాను. ఆ చప్పుడు వచ్చింది నా వెనక నుంచి. అరల వెనక... ఉత్త గోడలోంచి.

కీలు కిర్రుమంది. ఎవరో లోపలికి వచ్చి, మెల్లగా తలుపు వేసుకున్నారు.