మూడో భాగంతో మొదలుపెట్టిన హనుమంతు

హనుమంతుకు దేన్నయినా మొదటినుంచి మొదలుపెట్టే ఓపిక లేదు. వారపత్రికలో సీరియల్ పట్టుకుంటే ఆ వారం వచ్చిన భాగమే చదివేవాడు. సినిమాకు ఇంటర్వెల్ తర్వాత వెళ్ళి, బయటికొచ్చి కథంతా అందరికీ వివరించేవాడు. డిగ్రీలో ఫైనలియర్ పేపర్లన్నీ గట్టెక్కించి, ఫస్టియర్ ఇంగ్లీషు మాత్రం ఇంకా మిగుల్చుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళు ఇలాగే గడిచాయి కాబట్టి, ఇదే తెలివనుకున్నాడు.

1996లో అతని అన్న గంగయ్య దుబాయి నుంచి వస్తూ ఒక వీడియో గేమ్ డబ్బా, దానితోపాటు ఒకే ఒక్క కేసెట్ తెచ్చాడు. కేసెట్ మీద 'డైమండ్ ఫోర్ట్ 3' అని రాసుంది. ఒకటీ రెండూ ఏవిరా అని ఎవరైనా అడిగితే, "కొత్తది ఉండంగ పాతయెందుకే?" అనేవాడు హనుమంతు. లక్సెట్టిపేట బస్టాండు ఎదురుగా ఒక గది తీసుకుని, కలర్ టీవీ పెట్టి, 'హనుమాన్ వీడియో గేమ్స్' అని బోర్డు కట్టాడు. బోర్డు మీద గేమ్స్ అనే ఉంది గానీ గదిలో ఉన్న గేమ్ ఒకటే.

ఆ ఆటలో ఒక విలుకాడు కోటలోకి పోవాలి. మూడు స్టేజీలు బాగానే దాటుతాడు. నాలుగో స్టేజీలో కోట తలుపు ముందు ఒక ముసలమ్మ లాంతరు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆడేవాళ్ళు బాణమేస్తారు. ముసలమ్మ పడిపోతుంది, తలుపు తెరుచుకోదు, కాళ్ళ కింద నేల విచ్చుకుంటుంది, ఆట అయిపోతుంది. డ్యూటీ దిగిన కండక్టర్లు, పత్తి విత్తనాల షాపులవాళ్ళు, హనుమంతులాగే పేపర్లు మిగుల్చుకున్న వీరులు, అందరూ నాలుగు నెలలుగా ఆ ముసలమ్మను చంపుతూనే ఉన్నారు.

జులైలో ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. మంచిర్యాల బస్సు రాలేదు. ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పే నర్మద, తడిసిన గొడుగు ముడుచుకుంటూ ఆ గది గుమ్మంలో నిలబడింది. లోపల టీవీ ముందు కూర్చుని బాణమేస్తున్నది స్వయంగా హనుమంతే.

"ఆమెనెందుకు కొడుతున్నరు?" అంది నర్మద.

"విలన్ మేడం ఆమె," అన్నాడు తల తిప్పకుండా.

"ఎవలు చెప్పిన్రు?"

"చెప్పుడేంది, చూస్తె తెలుస్తలేదా? తెల్ల జుట్టు, చేతుల లాంతరు."

"మా అవ్వకు గూడ తెల్ల జుట్టే. కరెంటు పోతె చేతుల లాంతరు గూడ ఉంటది. మా ఇంటికొచ్చి బాణమేస్తరా?"

బెంచీ మీదున్న కండక్టర్ పోశన్న నవ్వాడు. హనుమంతు తల తిప్పాడు. నర్మద చెంపల మీద వాన చుక్కలు ఇంకా ఆరలేదు. అక్కడితో అతని ఆట ఎలాగూ అయిపోయింది.

"గా విలుకాన్ని సాదిందే ఆమె," అంది నర్మద. "ఫస్ట్ పార్టుల తల్లిదండ్రులు చచ్చిపోతె ఎత్తుకపోయి పెంచింది. సెకండ్ పార్టుల వీనికోసం జైలుకు పోయింది. మీరేమో రాంగనే చంపుతున్నరు."

"మీకెట్ల తెలుసు?"

"ఆదిలాబాద్ల మా చిన్నమ్మ ఇంట్ల ఉండి బీఈడీ చదివిన. వాళ్ళింట్ల మొదటి రెండు పార్టులు ఉండె."

ఆమె రిమోట్ తీసుకుంది. ముసలమ్మ దాకా వెళ్ళి, ఏ బటనూ నొక్కకుండా ఊరికే నిలబడింది. కాసేపటికి ముసలమ్మ లాంతరు పైకెత్తి విలుకాడి మొహం చూసింది. కోట తలుపు తెరుచుకుంది.

"గింతేనా?" అన్నాడు పోశన్న. నాలుగు నెలల జీవితం అతని కళ్ళ ముందు కదిలినట్టుంది.

"గింతే. జర ఆగాలె," అంది నర్మద. బయట హారన్ మోగింది. "పోయొస్త అన్నా," అని హనుమంతుతో చెప్పి పరుగెత్తింది.

ఆ 'అన్నా' హనుమంతుకు రాత్రి అన్నం దిగనివ్వలేదు.

తర్వాత రెండు నెలలూ అతను బస్సులు లేటు కావాలని మొక్కుకున్నాడు. ఆర్టీసీ దయవల్ల ఆ మొక్కులు చాలావరకు తీరాయి. బస్సు లేటయినప్పుడల్లా నర్మద వచ్చి ఒక స్టేజీ ఆడేది. 'అన్నా' పోయి 'మీరు' వచ్చింది, 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"నీకు మాట్లాడొస్తదా, రాదా?" అని అడిగింది ఒకసారి.

"వస్తది."

"మరి గోడ దిక్కేం చూస్తున్నవ్? గోడ మీద ఏమన్న రాసున్నదా?"

గోడ మీద 'అరువు లేదు' అని రాసుంది. హనుమంతు దాన్నే మళ్ళీ చదివాడు.

ఏ మగవాడయినా ఇక్కడ ఒక మాట చెప్పేవాడు. కనీసం ఒక చీటీ రాసేవాడు. మన హనుమంతు మాత్రం చెప్పడం, అడగడం, జవాబు కోసం ఎదురుచూడటం, ఈ మొదటి భాగాలన్నీ వదిలేశాడు. నేరుగా తన తల్లి యాదవ్వ దగ్గరికి వెళ్ళి, "నర్మదని, మంచిర్యాల మొండయ్య బిడ్డ. పోయి పప్పు బుక్కి రాండ్రి," అన్నాడు.

పప్పు బుక్కడమంటే సంబంధం ఖాయమైనట్టే. పిల్ల ఇంట్లో పళ్ళెంలో పుట్నాలు, బెల్లం పెడతారు. రెండు వైపుల పెద్దలూ నోట్లో వేసుకుంటారు. నమిలాక మాట తప్పకూడదు. అందులో పిల్ల నోటికి పని లేదు.

ఆదివారం పొద్దున యాదవ్వ, హనుమంతు చిన్నాయన రాజన్న మంచిర్యాల బస్సెక్కారు. హనుమంతు గది తెరిచి, పోశన్నకు చాయ్ తెప్పించి శుభవార్త చెప్పాడు. పోశన్న ఇల్లు మంచిర్యాలలో మొండయ్య వాడలోనే. అతను కప్పు కింద పెట్టేశాడు.

"ఆ పిల్లను అడిగినవా?"

"అడుగుడెందుకే? పెద్దలు పోయిన్రు గద. డైరెక్ట్ ఫైనల్."

"నీ అసుంటోడే రెండేండ్ల కింద ఒకడు. గా పిల్ల ఆదిలాబాద్ల పరీక్షలు రాస్తుంటె, ఈడ పప్పు బుక్కిన్రు. వచ్చినంక కాదన్నది. వాడకట్టంత పిల్లనే అన్నది, పొగరని. ఇప్పుడు మల్ల కాదంటె ఇంక ఎవలు ఆ గడప తొక్కరు. ఔనన్నదనుకో, బతుకంత నీ మొకం ఎట్ల చూస్తదో ఆలోచించుకో."

హనుమంతు ఆలోచించలేదు. షట్టర్ దించకుండానే రోడ్డు మీద పడ్డాడు. రెండు నెలలు అతని మొక్కులు విన్న బస్సు, ఆ రోజు కూడా తన అలవాటు మానుకోలేదు. చివరికి ఒక బొగ్గు లారీ ఎక్కి, సగం నల్లబడి మొండయ్య ఇంట్లోకి వచ్చాడు.

చాప మీద పళ్ళెం ఉంది. యాదవ్వ పిడికెడు పుట్నాలు నోటి దాకా ఎత్తింది. వంటింటి గుమ్మంలో నర్మద నిలబడి ఉంది. ఆమె ఏడవడం లేదు, ఎవరినీ చూడటం లేదు.

"అవ్వా, తినకు," అని హనుమంతు పళ్ళెం ఎత్తేశాడు.

"ఏమైందిరా? పిల్ల నచ్చలేదా?"

"నచ్చింది. నేను ఆమెను అడుగలే."

"అడుగుడేంది కొత్తగ? మీ బాపుకిచ్చేటప్పుడు నన్నెవలు అడిగిన్రు?" అంది యాదవ్వ. అన్నాక ఆమె చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

"నేనైతె తిన్న," అన్నాడు రాజన్న చిన్నాయన నములుతూ. ఒక్క మనిషి నమిలితే సంబంధం ఖాయమైనట్టా కాదా అన్నది ఎవరికీ తెలియలేదు. ఉమ్మెయ్యమని హనుమంతు బతిమాలాడు. అప్పటికే ఆయన మింగేశాడు.

"ఇంటికొచ్చి పళ్ళెమెత్తుతవారా? మా ఇజ్జత్ ఏంగావాలె?" అని మొండయ్య లేచాడు.

"మీ ఇజ్జత్ ఏంగాదు కాకా. పళ్ళెమెత్తింది నేనని చెప్పుండ్రి. వాడకట్టు నన్నే అననియ్యుండ్రి." హనుమంతు గుమ్మం వైపు తిరిగాడు. గోడ వైపు చూడలేదు. "నర్మదా, నువ్వంటె నాకు ఇష్టం. గా మాట ముందుగాల నీకు చెప్పాలె. నీకు తప్ప అందరికి చెప్పిన."

"రెండు నెలలు ఏంజేసినవ్?"

"నోరు రాలే."

"మీ అవ్వ దగ్గర మంచిగనే వచ్చింది," అంది నర్మద. "రెండేండ్ల కింద ఏమైందో ఎవలో చెప్పే ఉంటరు."

"చివరి ముక్క చెప్పిండు పోశన్న. నువ్వు చెప్పు, మొదటినుంచి. ఎంతసేపైనా వింట."

"మొదలు, చివర ఏం లేదు. ఆ పిలగాడు మంచోడే కావచ్చు, నేను చూడనే లేదు. నన్ను అడుగలేదని కాదన్న. గంతే. గంత చిన్నదానికి కాదంటరా అని ఎవలు నమ్మలే. ఏదో ఉండే ఉంటదన్నరు. బాపు గూడ అన్నడు."

రాజన్న పళ్ళ సందున ఇరికిన పుట్నం ముక్కను కూడా కదపలేదు. మొండయ్య చాప మీద కూలబడ్డాడు. ఆ మనిషికి వంద ఎకరాల వ్యవహారంలో పంచాయితీ చెప్పడం వచ్చు. కూతురితో ఒక్క మాట మాట్లాడటానికి మాత్రం రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డా, ఇప్పుడు అడుగుతున్న," అన్నాడు. "గీ పిలగాడంటె నీకు ఇష్టమేనా? కాదంటె కాదను. ఈసారి వాడకట్టుకు నేను జవాబు చెప్త."

పళ్ళెం ఇంకా హనుమంతు చేతుల్లోనే ఉంది. అవునో కాదో అతనికి నిజంగానే తెలియదు. తెలుసుకోవాలంటే ఆగడం తప్ప చేయగలిగింది లేదు. ఆగాడు.

నర్మద అతని వైపు చూడలేదు. తండ్రినే చూస్తోంది. అంతదాకా ఏడవని పిల్లకు అప్పుడు కన్నీళ్ళు వచ్చాయి. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంకొక్కసారి అడుగు బాపు," అంది.

మొండయ్య మళ్ళీ అడిగాడు.

"ఇష్టమే," అంది నర్మద.