తప్పు ఈయోస్‌దేనా?

న్యూజిలాండ్‌లో జూన్ అంటే నడి చలికాలం కావడంతో ఇన్వర్‌కార్గిల్‌లో పొద్దున్న ఏడున్నర దాటినా ఇంకా చీకటే. నిరుపమ కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకి వచ్చి, అత్తగారు సత్యమ్మకు రాగిజావ తాగించింది. ఎనిమిదిన్నరకి వృద్ధుల హోమ్‌లో డ్యూటీ. అక్కడ ఎనిమిది మందికి స్నానాలు చేయించాలి. ఇంట్లో ఒక్కరికి చేయించేసరికే నడుము పట్టేసింది.

సత్యమ్మకు మతి తప్పి మూడేళ్ళు. కిందటి చలికాలం ఆవిడ చెప్పుల్లేకుండా రోడ్డెక్కినప్పటి నుంచి, ఇంట్లో ఎవరూ లేని వేళ ఆ గదికి బయట గడియ పెడుతున్నారు. మధ్యాహ్నం భర్త ఉదయభాస్కర్ గ్యారేజీ నుంచి వచ్చి తీసేదాకా అంతే. గడియ పెట్టే చెయ్యి మాత్రం రోజూ నిరుపమదే.

ఫోన్‌కి మెయిల్ వచ్చింది. అక్షర స్కూలు నుంచి అర్ధ సంవత్సరం రిపోర్టు. నిరుపమ రెండుసార్లు చదివింది.

"అక్షరా! కెమిస్ట్రీ ఏదే ఇందులో?"

టోస్ట్ తింటున్న కూతురు తల దించుకుంది. "ఫిబ్రవరిలోనే మార్చుకున్నానమ్మా. క్లాసికల్ స్టడీస్ తీసుకున్నా. గ్రీకు దేవుళ్ళు, వాళ్ళ కథలు..."

"నర్సింగ్ చేస్తానన్నావుగా!"

"నువ్వన్నావ్. నేననలేదు. రోజూ నిన్ను చూస్తూ నర్సింగ్ ఎలా చెయ్యమంటావ్?"

ఆ మాట సూటిగా తగిలింది. "ఎవరూ పూజ చెయ్యని దేవుళ్ళ గురించి చదివి ఏం ఉద్ధరిస్తావ్? ఇన్ని నెలలు అబద్ధమాడి మరీ! ఏముందే ఆ కథల్లో?"

"చెప్తే వింటావా?" అంది అక్షర. "ఈయోస్ అని ఒక దేవత ఉంది. రోజూ పొద్దున్నే లేచి లోకానికి వెలుగు తేవడం ఆవిడ పని. టిథోనస్ అనే మామూలు మనిషిని పెళ్ళి చేసుకుంది. అతనికి చావు లేకుండా వరం అడిగింది. ముసలితనం రాకూడదని అడగడం మర్చిపోయింది. అతను ముసలాడైపోయాడు, కదల్లేడు, ఏదో గొణుగుతూనే ఉంటాడు. కానీ చావు రాదు. చివరికి ఆవిడ అతన్ని గదిలో పెట్టి తలుపేసేసింది."

నిరుపమ చేతిలో గిన్నె సింకులో జారిపడింది.

"నన్నే అంటున్నావా?"

"నో! అమ్మా, నిన్ను కాదు..." అక్షర గబుక్కున లేచి వచ్చింది. "తప్పెవరిదో రాయమన్నారు మా టీచర్. క్లాసులో అందరూ ఈయోస్‌దే అన్నారు. నేనొక్కదాన్నే కాదని రాశా. పాపం, ఆవిడ రోజూ పనికెళ్ళాలి కదా. అంతమంది దేవుళ్ళున్నారు, ఒక్కరూ వచ్చి 'ఈ పూట నేను చూసుకుంటా' అనలేదు. నేను కూడా అనలేదమ్మా నీతో. రాస్తుంటే ఏడుపొచ్చింది."

నిరుపమ సింకు పట్టుకుని నిలబడింది. ఎన్నో నెలలుగా ఆపుకున్న ఏడుపు కళ్ళలోంచి కారిపోయింది. కూతురు వెనకనుంచి నడుము చుట్టూ చేతులేసింది.

గుమ్మంలో ఉదయభాస్కర్ షర్టు గుండీలు పెట్టుకోవడం ఆపి చూస్తున్నాడు.

"ఇంక నావల్ల కాదండీ," అంది నిరుపమ. "అత్తయ్యంటే నాకు కోపం లేదు. కానీ ఒక్కోరోజు పొద్దున్న, ఆవిడ నిద్రలోనే పోయుంటే బావుణ్ణనుకుంటున్నా. అలా అనుకున్నందుకు రోజంతా నన్ను నేనే తిట్టుకుంటున్నా."

అతను వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "ఇంటికి మనిషిని పంపించే ఏర్పాటు ఉందని డాక్టరు గారు ఎప్పుడో చెప్పారు," అన్నాడు నేలకేసి చూస్తూ. "మా అమ్మని పరాయివాళ్ళ చేతుల్లో పెడతావా అని మనవాళ్ళెవరైనా అంటారని నేనే ఒప్పుకోలేదు. నీకు చెప్పను కూడా చెప్పలేదు."

"చెప్పలేదా!"

"తప్పు నాదే నిరుపమా. ఇవాళే ఫోన్ చేస్తాను. ఈరోజు అమ్మ దగ్గర నేనుంటాను."

నిరుపమకు అరవాలనిపించింది. అరిచే ఓపిక లేదు. హోమ్‌కి ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదు, రాలేనని చెప్పింది. ఐదేళ్ళలో అదే మొదటిసారి.

"ఆ సబ్జెక్టే ఉంచుకో," అంది కూతురితో. "కానీ ఇంకెప్పుడూ నా దగ్గర దాచకు."

అక్షర తలూపి, అమ్మని మంచం దాకా నడిపించి దుప్పటి కప్పింది. పక్క గదిలో ఉదయభాస్కర్ తల్లికి జడ వేయబోయి, చిక్కు తీయడం రాక తంటాలు పడుతున్నాడు. సత్యమ్మ కొడుకుని తిడుతోంది. ఆ తిట్లు వింటూనే నిరుపమ నిద్రలోకి జారుకుంది. ఆరోజు ఆమె పనికెళ్ళకుండానే తెల్లవారింది.