బియ్యం డబ్బాలో సీలు

ఉక్కుతాడు బిగిసింది. కింద అలలు లేచి పడుతుండగా, వేలాడే బుట్టలో కూర్చుని నూకరత్నం నాగావళి ఓడ నుంచి చంపావతి ఓడకు దాటుతోంది. ఒళ్ళో పనిముట్ల సంచి. చెవిలో ఓడలన్నిటి లెక్కలు చూసే యంత్రం కూర్పరి గొంతు, ఎప్పటిలాగే తొణకకుండా, ఎప్పటిలాగే తడి లేకుండా.

"దాతనౌక చంపావతి. తీయవలసినది ఉప్పుతొలుపు పంపు సీలు. చేరవలసినది ఆసుపత్రి ఓడ వంశధారకు. సముద్రం మీద ఇటువంటి మిగులు సీలు మరొకటి లేదు."

నాగావళి విడిభాగాల ఓడ. నూకరత్నం దాని గిడ్డంగి అధికారి. కర్మాగారాల గట్లు మునిగిపోయాక కొత్త భాగాలు పుట్టడం ఆగింది. ఓడలే ఓడలకు మందులయ్యాయి. ఎవరి గుండె కోసి ఎవరికి పెట్టాలో కూర్పరి లెక్కకట్టి చెబుతుంది.

చంపావతి సరంగు అసిరయ్య చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"రామ్మా నూకరత్నం. పలకరింపుకొచ్చినావా, పోస్టుమార్టానికొచ్చినావా?"

"ఆర్డరు, మావా."

"ఆర్డరే. టీ తాగుదాం మావా అని నీ నోట ఎప్పుడైనా ఇన్నానేటి?"

పంపుగదిలో యంత్రం సన్నగా, తాళం తప్పకుండా పాడుతోంది. ఉప్పు తీసి అది తోడి పోసే మంచినీళ్ళే నీటి మీద తేలే ఉప్పాడ పేటకు ఊపిరి. పీపాల మీద కట్టిన ఇళ్ళు, ఇళ్ళ మీద ఆరేసిన చీరలు, బిందెలతో వరసకట్టిన మనుషులు కిటికీలోంచి కనిపిస్తున్నారు. సీలు తీస్తే చంపావతి తుక్కు వరసలోకి పోతుంది, పేట ఎండుతుంది. తీయకపోతే వంశధారలో రోగుల నోళ్ళు ఎండుతాయి.

దాతనౌకలో మొదటి బోల్టు ఆ ఓడవాడే విప్పాలి. అది సముద్రపు మర్యాద. అసిరయ్య యంత్రాన్ని ఆపి, పానా పట్టాడు.

"ఎవుడికాడో ఒకటి ఉండే ఉంటాది," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "దాపు నేని ఓడ ఉంటాదేటి? రేపటికి పనికొస్తాదని అందరం దాసుకుంతాం. ఇయ్యాల నా ఓడ సస్తాది."

నూకరత్నం చేయి సంచి మీదే ఆగిపోయింది.

నాగావళి వంటగదిలో, బియ్యం డబ్బా అడుగున, తడి తగలకుండా గుడ్డ చుట్టి, సరిగ్గా అటువంటి సీలే ఉంది. 'మన పంపు పోతే మనకెవరిస్తారే' అంటూ పాత గిడ్డంగి అధికారి దాన్ని ఆమె చేతిలో పెట్టి దిగిపోయాడు. దాపు బయటపడితే గట్టుశిక్ష. మళ్ళీ ఓడ ఎక్కనివ్వరు. నేల మీద ఆమెకు ఎవరూ లేరు. అసలు నేలే అంతంతమాత్రం.

కూర్పరి అబద్ధమాడటం లేదు, అనుకుంది ఆమె. దానికే ఎవరూ నిజం చెప్పడం లేదు.

ఓడలన్నిటికీ తన మాట వినబడేలా చెవి దగ్గరి మీట నొక్కింది.

"కూర్పరీ, ఆ సీలు మరొకటి ఉంది. నాగావళి బియ్యం డబ్బాలో. వంశధారకు దాన్ని పంపు."

"అటువంటి వస్తువు నమోదులో లేదు."

"నేనే దాచాను. దాపు నాది, శిక్షా నాదే. సీలు వంశధారది."

అసిరయ్య పానా సగం మలుపులో నిలిచిపోయింది. పంపుగది స్పీకరులో వంశధార నుంచి ఒక ఆడగొంతు, బెరుగ్గా: "మా దగ్గర రెండు వాల్వులున్నాయి. పిండిడబ్బాలో." మరో ఓడ నుంచి: "ఫిల్టరు. నా మంచం కింద." ఇంకెవరో: "నవ్వొద్దు మరి. మేం ఏకంగా మోటారే దాచాం."

అసిరయ్య గొంతు సవరించుకున్నాడు. "మాకాడ బేరింగుంది. పప్పు డబ్బాలో."

"నన్నేమో పోస్టుమార్టమన్నావు, మావా."

"పద, టీ తాగుదాం," అంటూ అతడు బోల్టును మళ్ళీ బిగించసాగాడు.

పుట్టిన నాటి నుంచి ఆజ్ఞలే తప్ప అడగటం ఎరగని కూర్పరి గొంతు, చివరికి మెల్లగా అడిగింది:

"ఓడలన్నిటా కలిపి ఎన్ని డబ్బాలున్నాయి?"