కుంకుమ పెట్టిన చైను

ఉదయం 9.20. ఆండర్సన్‌పేట మిట్ట.

చెల్లాచెదురైన బియ్యం మధ్య మూటల కూలీ దొడ్డమునియప్ప శవం. లారీ చక్రం ఛాతీ మీదుగా పోయింది. సర్కారు గని క్యాంటీన్‌కు మూటలు మోసుకెళ్తున్న సైకిలు ఉన్నట్టుండి ఒరిగి తన ముందే పడిందని డ్రైవర్ చెప్పాడు.

సైకిలు అక్కడ లేదు. పోలీసులు వచ్చేలోపే దాని యజమాని, ధాన్యం వ్యాపారి శ్రీకంఠయ్య శెట్టి, తన మండీకి మోయించుకుపోయాడు.

సబ్-ఇన్‌స్పెక్టర్ ఆదినారాయణప్పకు ఒళ్ళు మండింది.

మండీలో శెట్టి సిద్ధంగా ఉన్నాడు. మునియప్ప పొద్దున్నే సారాయి తాగాడట. సైకిలుకు ఏ లోపమూ లేదట.

“నెల కిందే కొత్త చైను వేయించినాను. దినమూ రెండు మూటలు లాగుతుండాది. నా తప్పు యాడుండాదప్పా?”

గుమ్మంలో మునియప్ప భార్య మారమ్మ. కళ్ళలో నీళ్ళు లేవు.

“మనిషిని సంపి, తాగుబోతని పేరు కూడా పెడతావా సెట్టీ?”

చైను మీది ఎర్ర మరక చూసి కాన్‌స్టేబుల్ రక్తమన్నాడు. ఎస్సై గోటితో గీకాడు. పొడిగా రాలింది.

కుంకుమ.

అతను స్కేలు తెప్పించి చైను మీద ఆనించాడు. ఒక పిన్ను సున్నా మీద. ఇంకోటి సరిగ్గా పన్నెండో అంగుళం మీద. అరిగిన చైను సాగి గీత దాటుతుంది. ఇది వెంట్రుకవాసి కూడా సాగలేదు. నూనె పెట్టిన వారానికే గని దుమ్ము పట్టి చైన్లు నల్లబడే ఊరిలో దీని మీద ఫ్యాక్టరీ గ్రీజు తళతళలాడుతోంది.

వెనక చక్రం పళ్ళు మాత్రం అరిగి కొక్కేల్లా వంగిపోయాయి.

ఎస్సై లేచాడు. సైకిలుకు రెండు మూటలు కట్టించి, శెట్టితో సహా మిట్ట దగ్గరికి నడిపించాడు.

“ఎక్కండి సెట్టిగారూ. వాడు తొక్కిన మిట్టే. తొక్కండి.”

శెట్టి హ్యాండిల్ పట్టుకున్నాడు. ఎదురుగా లారీ దిగుతోంది. సైకిలును పక్కకు లాగాడు.

“వద్దప్పా. బరువుకు కొత్త చైను జారతాది. పళ్ళు పొయ్యుండాయి.”

“మరి నెల్లాళ్ళు వాడెట్లా లాగినాడు?”

శెట్టి సైకిలుకు స్టాండు వేశాడు. ఎస్సై ఆగలేదు.

“లాగలేదు. పాత చైను ఈ మిట్ట మీదే తెగింది. శవం ఇక్కడుండగానే కొత్తది తగిలించినావు. కొత్త సామానుకు పెట్టే అలవాటు పోనీకుండా బొట్టు కూడా పెట్టినావు. నెల తిరిగిన చైను మీద కుంకుమ నిలుస్తుందా? పాతది యాడ?”

“గోనెల కింద.”

మండీ నుంచి వెంటే వచ్చిన మారమ్మ ముందుకొచ్చింది.

“పళ్ళు పొయ్యుండాయని తెలుసు. తెగతాదని తెలుసు. ఎక్కితే సస్తాడని నీకు తెలుసు. వాణ్ణి ఎక్కించినావు.”

ఆమె చెయ్యి లేచింది. కాన్‌స్టేబుల్ అడ్డుపడబోయాడు. ఎస్సై అతని భుజం పట్టి వెనక్కి లాగాడు.

దెబ్బ పడ్డాకే బేడీలు అడిగాడు.