ఊయల ఊపనివాడు పెట్టిన పేరు

పిల్లలూ, ఈ కథ చెప్పేటప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. మీకూ మండితే మండనివ్వండి.

మబ్బుకొండ మీద పుట్టి, జంటగుట్టల ఇరుకులో దూకి, సాలెపట్నం చుట్టూ వంపు తిరిగి, రేవూరు దగ్గర సముద్రంలో కలిసే ఏరు ఒకటి ఉండేది. దానికి ఒక్క పేరంటూ లేదు. కొండవాళ్ళు ‘పాపా’ అని పిలిచేవారు. నూలు తడుపుకోవడానికి నీళ్ళిచ్చి, కోపం వస్తే వీధులు ముంచిపోయే ఆ ఏటిని సాలెపట్నంవాళ్ళు ‘వదినా’ అని దెప్పేవారు. రేవూరువాళ్ళకు అది అమ్మ.

ఆ రాజ్యాన్ని ఏలే ప్రచండవర్మ ఏనాడూ ఏట్లో కాలు తడిపి ఎరుగడు. అలాంటివాడు రేవూరు రేవులో పెద్ద రాతిపలక నిలబెట్టించి ‘ప్రచండవాహిని’ అని చెక్కించాడు. మరో పేరుతో పిలిస్తే కొరడా దెబ్బలని చాటింపు వేయించాడు. ఎంత పొగరో చూడండి! మర్నాటికి ఏరు ఎండిపోయింది.

రేవూరు ఖాళీ అయింది. జనాన్ని ఏరు దాటించే పుట్టి నడిపే లింగవ్వ మాత్రం కదలలేదు. అమ్మ నీళ్ళు తప్ప వేరే నీళ్ళు తాగనని పట్టుబట్టి, బోర్లించిన పుట్టికి ఆనుకుని కూర్చుంది. ఆమె పెదవులు పగిలిపోవడం చూసి మనవరాలు సుంకమ్మకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

“అవ్వా, అమ్మను నేను పిల్చుకొస్తా. అంతవరకూ నువ్వు చావగూడదు!”

“పోయిరా బిడ్డా. కడవలో అమ్మ నీళ్ళు రవ్వంత ఉండాయి. అవి తాగతా చూస్తాంటా.”

సుంకమ్మ ఎండిన ఇసుకలో ఎదురు నడిచి సాలెపట్నం చేరింది. అక్కడ మగ్గం ఆపి కూర్చున్న వీరనాగమ్మ సంగతి విని భగ్గుమంది.

“మా వదినతో మాకు దినామూ కొట్లాటే. అయితే మాత్రం, ఊయల ఊపకుండా బిడ్డకు పేరు పెట్టేవాణ్ణి ఈ సీమలో ఎవురన్నా చూసినారా? ఈ చీర తీసుకుపో పిల్లా, కొండమీద చలి.”

జంటగుట్టల ఇరుకులో బండరాక్షసుడు దారికి అడ్డంగా కూర్చుని ఉన్నాడు. “ఏటికి రాజు పెట్టిన పేరు చెప్పు, పోనిస్తా!” అని గర్జించాడు.

“చెప్పను! మా అమ్మను వాడి పేరుతో నేనెందుకు పిలవాల? మింగితే మింగు!”

రాక్షసుడు గుట్టలు అదిరేలా నవ్వాడు. “ఏటిని వెతుక్కుంటూ వచ్చి ఆ పేరు పలికిన రాజభటులను నమిలి ఉమ్మేశాను. నువ్వు పో” అని పక్కకు జరిగాడు.

మబ్బుకొండ శిఖరాన ఊటబావి పొడిగా ఉంది. “అమ్మా!” అని సుంకమ్మ కేక వేసింది. మళ్ళీ పిలిచింది. “అవ్వ చస్తాంది, నీకు జాలి లేదా?” అంటూ రాతిని కాలితో తన్నింది. లోపల పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. అప్పుడు తెలిసింది సుంకమ్మకు తన తప్పు. ఇక్కడ ఏరు అమ్మ కాదు. ఇంకా చంటిపిల్లే.

“పాపా, భయపడొద్దు” అంటూ వీరనాగమ్మ చీరను రెండు చెట్లకు ఊయలగా కట్టింది.

“నువ్వూ పేరు పెడతావా?” అంది లోపలి గొంతు, ఉక్రోషంగా.

“నేనేం పెట్టను. ఊపుతానంతే.”

రాతి పగులులోంచి నీరు ఊరి, ఒక్క చుక్క కారకుండా ఊయలలోకి చేరింది. నవ్వు వినబడేదాకా ఊపి, సుంకమ్మ ఆ చీరను వీపున కట్టుకుని కొండ దిగింది. దిగినకొద్దీ పాప బరువెక్కింది. ఇరుకులో సుంకమ్మ వీపు మీంచి కిందికి దూకి, ఏరై పరుగందుకుంది. సాలెపట్నంలో వీరనాగమ్మను నిలువునా తడిపింది.

“వచ్చినావా వదినా, తిక్కదానా!” అని ఆమె తిడుతూనే కళ్ళు తుడుచుకుంది.

రేవూరులో ప్రచండవర్మ పరుగున వచ్చి రాతిపలక ముందు నిలబడ్డాడు. “ప్రచండవాహినీ, ఆగు!” అన్నాడు. తనది కాని పేరుకు ఏరు ఎందుకు ఆగుతుంది? పలకను పడదోసి, రాజును ఈడ్చుకుపోయింది. ఏ తీరాన తేలాడో నేను కనుక్కోలేదు, కనుక్కోను కూడా.

ఏటి వెంటే పరుగెత్తి వచ్చిన సుంకమ్మ దోసిలి నింపి అవ్వ నోటికి అందించింది. లింగవ్వ గుటకలు వేసి, “అమ్మే!” అంది. ఆ పూటే ఏటి పొడవునా ఉన్న జనమంతా చేరి సుంకమ్మను తమ ఏలికగా ఎన్నుకున్నారు.

ఆ రాతిపలక రేవులోనే వెల్లకిలా పడి ఉంది. అందరూ దాని మీదే బట్టలు ఉతుకుతారు. నేనూ వెళ్ళాను. నా కండువా మాసిపోలేదు, అయినా విప్పి, ఆ పేరు మీద చెయ్యి నొప్పి పుట్టేదాకా బాదాను.