ఆరింటి మోటారు

"దీన్ని బతికిస్తారా, లేకపోతే నాకు పాఠం చెప్పి పంపించేస్తారా?"

ఆ అమ్మాయి అలా అడిగేసరికి ఆనంద్ పాల్ నోరు మూతపడింది. అప్పటికి పది నిమిషాలుగా అతనొక్కడే మాట్లాడుతున్నాడు మరి. ఏలూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే అతని కొట్టుకి ఎవరొచ్చినా, రిపేరు కన్నా ముందు అతని అభిప్రాయాలు వినాల్సిందే.

అమ్మాయి పేరు ఏంజెల్. వట్లూరులో ఒక స్కూల్లో సైన్సు టీచరు. పిల్లలకి పిట్టల్ని చూపిద్దామని కొల్లేరు తీసుకెళ్ళి, పడవలోంచి వంగి ఫోటో తీయబోయి, ఫోన్ని నీళ్ళపాలు చేసుకుంది. పడవాయన దిగి వెతికిచ్చాడు గానీ అందులో ప్రాణం లేదు.

"పాఠం కాదండీ, నా అభిప్రాయం" అన్నాడు ఆనంద్ పాల్ తేరుకుని. "పాడైతే కొత్తది కొనుక్కోవడం కాదండీ. విప్పి చూడనివాడికి ఏ వస్తువూ సొంతం కాదు. ఆర్కుట్‌లో నాకు మూడొందల మంది ఫ్రెండ్స్. ఒక్కడికైనా స్క్రూడ్రైవర్ ఎటు తిప్పాలో తెలీదు!"

"నాకు తెలుసండీ. ఇలా ఇవ్వండి."

స్క్రూడ్రైవర్ లాక్కుని, మిగిలిన రెండు స్క్రూలూ తనే విప్పేసింది. లోపల బోర్డు మీద గుర్రపుడెక్క మొక్క వేరు ఒకటి పోగులా అంటుకుని ఉంది. దాన్ని గోటితో తీసి కౌంటర్ మీద పెట్టి, "ఇదండీ జబ్బు" అంది. ఆనంద్ పాల్ ఆ వేరు వంక చూడకుండా వేరు తీసిన అమ్మాయి వంక చూశాడు. అక్కడితో అతని పని అయిపోయింది.

రెండ్రోజుల తర్వాత ఫోన్ తీసుకోవడానికి వచ్చింది. బయట తొలకరి వాన దంచుతోంది. ఫోన్ వెలిగింది, ఆ అమ్మాయి మొహమూ వెలిగింది.

"మీ నంబరివ్వండి. ఇంటికెళ్ళాక ఒక మిస్డ్ కాల్ ఇస్తాను. నాకు బాలెన్స్ లేదు, మీరే చేయాలి."

"సెకన్లో చేస్తానండీ."

"చూద్దాం" అని నవ్వింది.

అతని విజిటింగ్ కార్డుల మీద పాత నంబరు ఉంటుంది. ఈమధ్యే నంబరు మార్చాడు కాబట్టి కార్డులన్నిటి మీదా పెన్నుతో దాన్ని కొట్టేసి, పక్కన కొత్తది రాసిపెట్టుకున్నాడు. ఇంత అందమైన అమ్మాయికి కొట్టివేతల కార్డా? మనసొప్పలేదు. సొరుగంతా గాలించి, అడుగున ఒక్క శుభ్రమైన కార్డు దొరికితే, చొక్కాకి తుడిచి మరీ ఇచ్చాడు.

మనిషి ఎంత తెలివైనవాడైనా అలాంటప్పుడు బుర్ర పనిచేయదు, ఏం చేస్తాం!

ఆ రోజు కాల్ రాలేదు. మర్నాడూ రాలేదు. ఆనంద్ పాల్ ఫోన్ని గంటకోసారి చూసుకున్నాడు. సిగ్నల్ నిండుగా ఉంది. పక్క కొట్టు పాపారావు చేత చేయించుకుని చూస్తే మోగింది కూడా. అన్నీ బాగానే ఉన్నాయి, ఆ అమ్మాయే చేయడం లేదు. మరెందుకు నవ్వినట్టు?

అది చాలదన్నట్టు ఇంటి దగ్గర ఇంకో గోల మొదలైంది. అతనిది ఉంగుటూరు. నాన్న మత్తయి గారికి రెండెకరాల మెరక పొలం, ఒక బోరు. కాలవకి నీళ్ళు వదిలేదాకా వరినారు పోసిన ఆకుమడికి ఆ బోరే దిక్కు. ముసలాయన మోటారు వేయడానికి కరెంటు వచ్చినప్పుడల్లా అంత దూరం నడవలేకపోతున్నాడని ఆనంద్ పాల్ ఒక పెట్టె తయారుచేశాడు. స్క్రీన్ పగిలిన ఫోన్లో తన పాత సిమ్ వేసి, ఆ పెట్టెలో బిగించాడు. ఆ ఫోన్ మోగితే మోటారు తిరుగుతుంది, అరగంటకి ఆగిపోతుంది. కరెంటు లేనప్పుడు మోగినా పెట్టె గుర్తుపెట్టుకుని, కరెంటు వచ్చాక వేస్తుంది. ఈ చివరి ముక్క మీద అతనికి మహా గర్వం.

"ఆకుమడి భలే తడుస్తోందిరా" అన్నాడు మత్తయి ఒకరోజు అన్నం తింటూ. "రోజూ ఆరయ్యేసరికి టంచనుగా వేస్తున్నావు."

"నేనా? నేను మీరు వేస్తున్నారనుకున్నాను!"

"నాకు ఫోన్ నొక్కడం వస్తేగా!"

మర్నాడు పొద్దున్నే వెళ్ళి వైర్లన్నీ విప్పి మళ్ళీ కలిపాడు. సాయంత్రం ఆరింటికి మోటారు తిరిగింది. మోటారుని కలిపే రిలే మార్చాడు, అయినా తిరిగింది. ఆదివారం మాత్రం తిరగలేదు.

"ఆదివారం పనిచేయదంటే మన చర్చిదేరా" అన్నాడు మత్తయి నవ్వుతూ.

ఆనంద్ పాల్‌కి నవ్వు రాలేదు. తను చేసిన పెట్టె అర్థం కావడం లేదు, తను మనసిచ్చిన అమ్మాయీ అర్థం కావడం లేదు. ఏది విప్పి చూడాలో తోచక పిచ్చెక్కిపోయింది.

పదిహేనో రోజున ఏంజెల్ కొట్టుకి వచ్చింది. వస్తూనే కార్డు తీసి కౌంటర్ మీద పెట్టేసింది.

"మీ కార్డు మీరే ఉంచుకోండి. ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చు కదండీ!"

"నేనా? మీరు ఒక్క కాలైనా ఇచ్చారా అసలు?"

"ఒక్కటా? రోజూ సాయంత్రం ఆరింటికి మా ఊరు గూడెంలో బస్సు దిగగానే ఇస్తున్నాను. ఆదివారం స్కూలు లేదు కాబట్టి ఇవ్వలేదు. సిగ్గు లేకుండా పన్నెండు రోజులు!"

"ఆరింటికా? ఆదివారం తప్పా?"

ఆనంద్ పాల్ కార్డు అందుకుని చూశాడు. కొట్టివేత లేదు. కడుపుబ్బ నవ్వొచ్చేసింది. ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గిరుక్కున వెనక్కి తిరిగింది.

"ఆగండాగండి! రోజూ మా ఆకుమడి తడుపుతున్నది మీరేనండీ!"

మతి పోయిందేమోనన్నట్టు చూసింది. అప్పుడతను పెట్టె సంగతీ, పాత సిమ్ సంగతీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. వింటూ వింటూ ఏంజెల్ కళ్ళు తుడుచుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఛీ! అంటే నేను పన్నెండు రోజులు మోటారుకి ఫోన్ చేశానా?"

"అది చాలా సంతోషించిందండీ."

"మోటారు సంతోషం నాకెందుకు?" అని మళ్ళీ సీరియస్ అయిపోయింది. "ఈ ఆదివారం నన్ను చూడ్డానికి తణుకు నుంచి వస్తున్నారు. వద్దంటే అమ్మ కాదనదు. కానీ ఎందుకు వద్దో చెప్పడానికి నా దగ్గర ఒక మాట ఉండాలి కదండీ."

ప్రపంచంలో ప్రతిదాని మీదా అభిప్రాయమున్న ఆనంద్ పాల్ చేతిలోని కార్డుని అటూ ఇటూ తిప్పాడు. చివరికి, "మీరంటే నాకు చాలా ఇష్టమండీ. పెళ్ళి చేసుకుందామా?" అన్నాడు.

"అడగ్గానే చెప్పేయడానికి నేనేమన్నా స్విచ్చా? ఆదివారం ఆరింటికి చెప్తాను. సరేనంటే మిస్డ్ కాల్. లేదంటే లేదు."

"అయితే కొత్త నంబరు రాసుకోండి."

రాసుకుంది. పాత కార్డు కూడా తీసుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

ఆదివారం ఐదున్నర నుంచి ఆనంద్ పాల్ ఇంటి అరుగు మీద ఫోన్ అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆరయింది. ఆరుంబావయింది. ఫోన్ కిక్కురుమనలేదు. అంతలో పాత కార్డు గుర్తొచ్చింది. సైకిలెక్కి పొలానికి తొక్కాడు.

మోటారు చప్పుడు లేదు. మత్తయి గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"కరెంటు ఐదున్నరకే పోయిందిరా. ఏం, అలా ఉన్నావు?"

ఇక దాచలేకపోయాడు. అంతా చెప్పేశాడు. మత్తయి కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఎవరమ్మాయిరా?"

"గూడెంలో కనకరత్నం గారని, నర్సుగా చేశారు, ఆవిడ కూతురు."

"అయితే ఆ పెట్టె విప్పి చూడు. కాల్ వచ్చిందో లేదో తెలుస్తుందిగా!"

"స్క్రీన్ పగిలిపోయింది నాన్నా, ఏమీ కనపడదు. పైగా విప్పితే గుర్తుపెట్టుకున్నది కాస్తా పోతుంది."

విప్పి చూడనివాడికి ఏదీ సొంతం కాదని ఊరంతా చెప్పుకుని తిరిగిన మనిషి, పెట్టె ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వేలు పెట్టడానికి కూడా భయమేసింది. చీకటి పడుతోంది. కప్పలు అరుస్తున్నాయి. ఆ పిల్ల తణుకు వాళ్ళకి కాఫీలిస్తూ ఉంటుందేమో అనుకుంటే ప్రాణం విలవిల్లాడింది.

దూరంగా ఊళ్ళో లైట్లు వెలిగాయి. స్టార్టరు ఠప్పుమంది. మోటారు మూలిగి అందుకుంది. పైపు రెండుసార్లు దగ్గి, తెల్లగా నీళ్ళు కక్కింది.

"ఆదివారం కూడా తిరిగిందిరోయ్!" అని మత్తయి లేచి నిలబడ్డాడు. కొడుకు మొహం చూసి, భుజం మీద చెయ్యి వేశాడు. "దేవుడు మేలు చేశాడురా. రేపు గూడెం వెళ్ళి వాళ్ళమ్మగారితో నేను మాట్లాడతాను. చొక్కా ఇస్త్రీ చేయించు."

అప్పుడు మోగింది ఆనంద్ పాల్ చేతిలోని కొత్త నంబరు ఫోన్. ఒక రింగుతో ఆగలేదు, రెండూ మూడూ దాటి మోగుతూనే ఉంది. గబుక్కున నొక్కాడు.

"ఏవండీ" అంది అవతల నుంచి ఏంజెల్, మెల్లగా. "నీళ్ళు పడ్డాయా?"