ప్రార్థనలో బొద్దింక

దేవకుమార్ అంకుల్ ప్రార్థన మొదలుపెడితే అన్నం చల్లారాల్సిందే. అమెరికాలో, హెర్న్‌డన్‌లోని మా తెలుగు చర్చి సంఘంలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆ శనివారం గృహ కూడిక నళిని ఆంటీ అపార్ట్‌మెంట్‌లో. పాతికమందీ కళ్ళు మూసుకున్నారు. ఆకలికి ఆగలేక నేనొక్కణ్ణే తెరిచాను.

ఒక్కణ్ణే అనుకున్నాను. ఎదురుగా ఇంకో రెండు కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇంతింత కళ్ళు! ఆంటీ కూతురు ఎలీనా. ఈ మధ్యే ఇక్కడ హాస్పిటల్ ల్యాబ్‌లో చేరింది. నన్నే చూస్తోందని మురిసిపోయాను. ఆ అమ్మాయి చూస్తున్నది మా అమ్మ తల వెనక గోడ దిగుతున్న బొద్దింకని.

నేను కనుబొమలెగరేశాను. ఆమె పెదాలు కదిపింది: "చంపండి!"

చెప్పులేమో గుమ్మం బయట ఉన్నాయి. చేతిలో పాటల పుస్తకం ఒక్కటే ఉంది. ప్రభువా క్షమించు అనుకుని ఠప్‌మని కొట్టాను.

"ఆమేన్!" అన్నారు అందరూ, ప్రార్థన అయిపోయిందనుకుని.

మా అమ్మ జ్ఞానమ్మ మాత్రం వెనక్కి తిరిగి గోడ చూసింది.

"బొద్దింకలున్న ఇంట్లో భోజనమా! పద నోయెల్."

ఆవిడ లేస్తే సగం సంఘం లేచింది. ఆంటీ వండిన గోంగూర చికెన్ మూత కూడా తీయలేదు. కూడికల లిస్ట్‌లోంచి వాళ్ళ పేరు తీసేశారు. ఆంటీ చర్చికి రావడం మానేశారు. ఎలీనా నుంచి నాకు ఒక్క మెసేజ్ వచ్చింది: "థాంక్స్ అండీ. చప్పుడు చేయకుండా చంపలేరా?"

సిగ్గుతో చచ్చిపోయాను.

రెండు వారాల తర్వాత మా కిచెన్‌లో కాఫీ మెషీన్ జరిపితే, దాని వెనక నుంచి ఒకటి జర్రున పరిగెత్తింది. గ్లాసు బోర్లించి పట్టాను.

"అమ్మా!"

"అరవకు, పక్కింటివాళ్ళు వింటారు," అంది అమ్మ, సింక్ కింద నుంచి స్ప్రే డబ్బా తీస్తూ. అది అప్పటికే సగం ఖాళీ.

అంటే ఆవిడకి ముందే తెలుసు! నాకు ఒళ్ళు మండింది. ఫోటో తీసి ఎలీనాకి పంపాను. వెంటనే కాల్ చేసింది.

"తల వెనక రెండు నల్ల చారలున్నాయా?"

"ఉన్నాయి. చిన్నదే, లేత గోధుమ రంగు."

"జర్మన్ రోచ్. మా ఇంట్లోదీ అదే. చెట్ల దగ్గరుండే పెద్దవి దారి తప్పి లోపలికొస్తాయి. ఇవి అలా కాదు, సామాన్లలో దాక్కుని ఒకరింటి నుంచి ఇంకొకరింటికి రైడ్ తీసుకుంటాయి. మీ ఇంటికీ మా ఇంటికీ ఏం కామన్?"

"మనిద్దరం..."

"వస్తువు అడిగాను సార్!"

అప్పుడు తట్టింది. రైస్ కుక్కర్! సంఘం మొత్తానికి ఒకటే పెద్ద కుక్కర్. కూడిక ఎవరింట్లో అయితే ఆ నెలంతా అక్కడే ఉంటుంది. వాళ్ళింటికి వెళ్ళింది మా ఇంటి నుంచే.

మర్నాడు వాళ్ళ పార్కింగ్ లాట్‌లో, కుక్కర్‌ని చెత్త సంచిలో పెట్టి అడుగు స్క్రూలు విప్పాం. బాబోయ్, లోపల ఒక ఊరే ఉంది! నేను రెండడుగులు వెనక్కి గెంతాను. ఎలీనా బెదరకుండా సంచి మూతి బిగించి కట్టింది.

"మా అమ్మ ఏడవని రోజు లేదు నోయెల్ గారూ. మీ అమ్మగారి పరువు తీయమని నేనడగను. కానీ మా అమ్మ తలెత్తుకునేదెలా?" అంది.

ఆదివారం ఎలీనా ఆంటీని బతిమాలి చర్చికి తీసుకొచ్చి చివరి వరసలో కూర్చోబెట్టింది. "దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా?" అని పాస్టర్ గారు అడిగారు. నేను లేచాను.

"మా ఇంట్లో బొద్దింకలున్నాయి. నళిని ఆంటీ ఇంటికి అవి మా ఇంటి నుంచే, మన కుక్కర్‌లో వెళ్ళాయి. ఆంటీ తప్పేం లేదు."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

దేవకుమార్ అంకుల్ గొంతు సవరించుకుని లేచారు. అరగంటకి సిద్ధపడ్డాను.

"మా ఇంట్లోనూ ఉన్నాయి," అని కూర్చున్నారు. ఆయన అంత చిన్న మాట మాట్లాడ్డం అదే మొదలు.

"మాకూ, డిష్‌వాషర్ కింద!"

"మాకు ఈస్టర్ నుంచీ!"

ఏడిళ్ళు తేలాయి! అందరూ దాచుకున్నవాళ్ళే. చివరికి అమ్మ లేచి, తిన్నగా వెనక వరసకి వెళ్ళి ఆంటీ చేతులు పట్టుకుంది.

"నాకు ముందే తెలుసు సిస్టర్. దాచాను. క్షమించండి."

ఆంటీ ఏడుస్తూనే అమ్మని వాటేసుకున్నారు.

ఇక మొదలైంది యుద్ధం. కమాండర్ ఎలీనా. "స్ప్రేలు బంద్! కొడితే గోడల్లోకి పారిపోతాయి. జెల్ మందు చిన్న చుక్కలుగా మూలల్లో పెట్టండి. పడుకునే ముందు సింక్ తుడిచేయండి. జిగురు అట్టలు పరిచి, ఎన్ని అంటుకున్నాయో నాకు చూపించండి." నేను ఆవిడ గారి డ్రైవర్ని. వారం వారం ఏడిళ్ళూ తిరిగాం. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే నాకు పండగే. అట్టల మీద ముప్ఫై, పన్నెండు, రెండు... మూడో నెలకి ఏ ఇంట్లోనూ ఒక్కటి పడలేదు. గెలిచాం!

గెలుపు కూడిక నళిని ఆంటీ ఇంట్లోనే జరగాలని అమ్మ పట్టుబట్టింది. కొత్త కుక్కర్, గోంగూర చికెన్, యథాప్రకారం అంకుల్ ప్రార్థన.

కళ్ళు తెరిచాను. ఎలీనా కళ్ళూ తెరిచే ఉన్నాయి. గోడ మీద ఏమీ లేదు. ఈసారి నన్నే చూస్తోంది.

"పెళ్ళి చేసుకుందామా?" అని పెదాలు కదిపాను.

బుగ్గలు ఎర్రబడ్డాయి. తలూపి, తనూ పెదాలు కదిపింది: "చప్పుడు చేయకు!"

చేసింది నేను కాదు.

"ఆమేన్!" అంది అమ్మ గట్టిగా, ప్రార్థన ఇంకా సగంలో ఉండగానే. తిరిగి చూస్తే ఆవిడ కళ్ళూ తెరిచే ఉన్నాయి.

"ఇక చాలు బ్రదర్," అంది అంకుల్‌తో. "నళిని సిస్టర్‌తో నేను అర్జెంటుగా సంబంధం మాట్లాడాలి."